జొన్న ఎత్తు, దాని అన్న ఎత్తు

మా ఆడకుక్క జొన్న మూపు దగ్గర పదహారున్నర అంగుళాలు. దాని అన్న రస్టీ పద్దెనిమిదిన్నర. రెండూ ఒకే తల్లికి, ఒకే ఈతలో పుట్టాయి. వీటి జాతి మినియేచర్ అమెరికన్ షెపర్డ్. ఆ జాతి ఎలా ఉండాలో రాసుకున్న స్టాండర్డ్‌లో ఆడవాటికి 13 నుంచి 17 అంగుళాలు, మగవాటికి 14 నుంచి 18 అని ఉంది. తగ్గినా పెరిగినా షో రింగులో అనర్హతే. అందుకని చెల్లెలు హద్దు లోపల, అన్న హద్దు బయట.

షోలో రస్టీని కొలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. అది మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ టీచర్‌గారి కుక్క. ఈ జాతి కుక్కల్ని టేబుల్ మీద నిలబెట్టి చూస్తారు. జడ్జికి ఎత్తు మీద అనుమానం వస్తే వికెట్ అనే లోహపు చట్రాన్ని హద్దు ఎత్తుకు బిగించి మూపు మీదుగా దించుతారు. చట్రం కాళ్లు రెండూ టేబుల్‌కి ఆనితే సరే. రస్టీ మీద పెడితే ఆనలేదు. కింద వేలు పట్టేంత సందు. జడ్జి దాని కాళ్లు సర్ది, తల మామూలుగా ఉండేలా చూసి, ఇంకోసారి పెట్టారు. అదే సందు. టీచర్‌గారు ఏమీ అనకుండా రస్టీ మెడ నిమిరి కిందికి దించారు. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా మనసు బాగాలేదు.

తర్వాత ఎలిజబెత్ అనే ఊరి దగ్గర, మేముండే అమెరికాలోని డెన్వర్‌కు ఆగ్నేయంగా, ఒక ఫారమ్‌లో అదే రస్టీ గొర్రెల్ని తోలడం చూశాను. అక్కడివి కటాడిన్ గొర్రెలు. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. నాకు మన నెల్లూరు గొర్రెలు గుర్తొస్తాయి. బోర్డర్ కాలీ అయితే నేలకు ఒదిగి, కళ్లతోనే మందను నిలబెడుతుంది. ఆసీలు, అంటే పెద్ద సైజు ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు, ఈ చిన్నవీ అలా కాదు. నిటారుగా నడుస్తాయి, దగ్గరగా పనిచేస్తాయి, అవసరమైతే మొరుగుతాయి. గేటు దగ్గర ఒక ముసలి గొర్రె మొండికేసింది. తల దించి, ముందుకాలు టపటపా నేలకేసి కొట్టింది. రస్టీ ఆగింది. వెనక్కి తగ్గలేదు, మీదికి ఉరకలేదు. రెండడుగులు పక్కకు వేసింది. గొర్రె అటు మెడ తిప్పేసరికి వెనక్కి చేరి మడమ దగ్గర పళ్లు అలా ఆనించి వదిలేసింది. చర్మం మీద గాటు కూడా పడలేదు. గొర్రె గేట్లోకి నడిచింది, దాని వెనకే మిగతావన్నీ.

నేను పుట్టిన వైపు ఈ పని కుక్కలు చేయవు. మా అమ్మమ్మగారి ఊరు మక్తల్ దగ్గర. అక్కడ కురుమలు నల్లగొర్రెల మందల్ని నోటి కేకతో, కర్రతో తిప్పుకొస్తారు. కుక్క ఉండేది రాత్రిపూట దొడ్డి దగ్గర, తోడేలు రాకుండా. అందుకే ఒక కుక్క గొర్రె మనసు చదివి దాన్ని మలుపు తిప్పడం నాకు ఈ దేశం వచ్చాకే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఇదే పిచ్చి. జొన్న నాకు ప్రాణం. కానీ గొర్రెల దగ్గర అది రస్టీ కాలిగోటికి సరిపోదు. ఉత్సాహం ఎక్కువ, నిబ్బరం తక్కువ, మందను చెదరగొట్టేస్తుంది.

ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే పాత కథ కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియన్ షెపర్డ్ పేరుకే ఆస్ట్రేలియా. రూపుదిద్దుకున్నది అమెరికా పడమటి రాష్ట్రాల రాంచ్‌లలో. ఐడహోకి చెందిన జే సిస్లర్ తన కుక్కలతో రోడియోల్లో విన్యాసాలు చేయించి వాటికి పేరు తెచ్చాడు. 1957లో ఆ జాతి క్లబ్బు, ఆస్కా, ఏర్పడింది. 1968లో కాలిఫోర్నియాలోని నార్కోలో డోరిస్ కార్డోవా అనే గుర్రాలావిడ చిన్న సైజు ఆసీల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఆవిడ సంపాదించిన స్పైక్ అనే కుక్కను అదే ఊళ్లోని బిల్, సాలీ కెనెడీలకు ఇచ్చింది. వాళ్లూ అదే పని కొనసాగించారు. 1980లో నేషనల్ స్టాక్ డాగ్ రిజిస్ట్రీలో ఇవి మినియేచర్ ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లుగా నమోదయ్యాయి. గుర్రాల షోలకు ఊరూరా తిరిగే వాళ్లకు ట్రక్కులో సులువుగా ఇమిడే చురుకైన కుక్క దొరికింది. 90ల మొదట్లోకి వచ్చేసరికి దేశమంతా పాకాయి.

అసలు గొడవ కుక్క జాతుల్ని గుర్తించే అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) తలుపు దగ్గర మొదలైంది. ఏకేసీ 1991లో పెద్ద ఆసీని గుర్తించింది. ఆస్కా అందులో కలవడానికి ఇష్టపడలేదు, ఆ బాధ్యత యూసాసా అనే కొత్త క్లబ్బు తీసుకుంది. ఆస్ట్రేలియన్ షెపర్డ్ అనే పేరుతో చిన్న సైజు రకం ఒకటి ఉండటానికి ఈ రెండు క్లబ్బులూ ఒప్పుకోలేదు. చివరికి చిన్నవాటి క్లబ్బు, మాస్కూసా, మినియేచర్ అమెరికన్ షెపర్డ్ అనే పేరుతో వేరే జాతిగా వెళ్లడానికి సిద్ధపడింది. ఆ జాతి 2011లో ఫౌండేషన్ స్టాక్ అనే తొలి మెట్టులో చేరి, 2015 జూలై 1న మందలు తోలే కుక్కల హెర్డింగ్ గ్రూపులోకి వచ్చింది. పాత పేరు వదలం అన్నవాళ్లు వేరే క్లబ్బుల్లో ఉండిపోయారు. ఫలితంగా ఒకే తాతకు పుట్టిన కుక్కలు ఇవాళ రెండు పేర్లతో, రెండు స్టాండర్డ్‌ల కింద తిరుగుతున్నాయి.

పెద్ద ఆసీల వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల మాటలో పస ఉంది. ఆవుల మందను తిప్పాల్సిన కుక్కను ఎత్తు కోసం కుదించుకుంటూ పోతే, కొంతకాలానికి ఎత్తే మిగులుతుంది, పని పోతుంది అన్నది వాళ్ల భయం. ఆ తొలి చిన్న కుక్కలు చాలావరకు రిజిస్ట్రేషన్ లేనివి. మినియేచర్ స్టాండర్డ్‌లోనే వాటిని చిన్న ఆసీలని నమ్మారు అని రాసి ఉంటుంది తప్ప, ఆసీలే అని తేల్చి చెప్పలేదు. రక్తం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లకు ఆ వాక్యం గుచ్చుకోవడం సహజం.

షెల్టీ అని పిలిచే షెట్‌లాండ్ షీప్‌డాగ్‌కీ ఇదే జరిగింది. 1908లో షెట్‌లాండ్ దీవుల్లోని లెర్విక్‌లో క్లబ్బు పెట్టి షెట్‌లాండ్ కాలీ అని పిలుచుకున్నారు. అసలు కాలీల వాళ్లు ఆ పేరు కుదరదన్నారు, షీప్‌డాగ్ అని మార్చాల్సి వచ్చింది. ఎత్తు మీద ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఇవాళ్టికీ అమెరికాలో షెల్టీ 13 అంగుళాలకు తగ్గినా 16 దాటినా అనర్హత. బ్రిటన్‌లో మగదానికి 37 సెంటీమీటర్లు, ఆడదానికి 35న్నర ఆదర్శం అని చెప్పి, రెండున్నర సెంటీమీటర్లకు మించిన తేడా చాలా అవాంఛనీయం అంటారు. సముద్రం దాటగానే అదే కుక్కకు హద్దు మారిపోతోంది. అంటే ఈ గీతలు మనుషులు కూర్చుని గీసినవి. మళ్లీ కూర్చుంటే మార్చగలిగినవి.

నేను అడుగుతున్నది ఒక్కటే. పై గీతను సడలించండి, కింది గీతను మాత్రం గట్టిగా పట్టుకోండి.

పెద్ద ఆసీ స్టాండర్డ్ చదవండి. మగవాటికి 20 నుంచి 23, ఆడవాటికి 18 నుంచి 21 అంగుళాలు బాగుంటుందని చెప్పి, ఆ వెంటనే ఎత్తు కోసం నాణ్యతను బలి పెట్టకూడదు అంటుంది. పని తెలిసినవాళ్లు రాసిన వాక్యం అది. మినియేచర్ వాళ్లు ఆసీ నుంచి ఇన్ని తీసుకున్నారు, ఆ వాక్యాన్ని కూడా తీసుకుని ఉండాల్సింది. రస్టీ లాంటి కుక్కకు అర అంగుళం ఎక్కువ ఎత్తును ఒక లోపంగా లెక్కపెట్టి మార్కులు తగ్గించండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అనర్హత ముద్ర పడ్డాక దాని పిల్లల్ని ఎవరూ అడగరు. కాగితం ప్రకారం అది ఇంకా రిజిస్టర్డ్ కుక్కే, అడ్డంకులు దాటే అజిలిటీలోనూ హెర్డింగ్ పోటీల్లోనూ పాల్గొనవచ్చు. అయినా బ్రీడర్లు మొహం తిప్పుకుంటారు. యాభై అరవై ఏళ్ల కిందట గుప్పెడు కుక్కలతో మొదలైన జాతిలో ఇలా మంచివాటిని పక్కనపెడుతూ పోతే మిగిలే రక్తం ఎంత?

పై హద్దు సడలిస్తే పెద్ద ఆసీకీ దీనికీ తేడా ఎలా అని అడుగుతారు. ఇప్పుడు మాత్రం ఎక్కడుంది? 18 అంగుళాల ఆడ ఆసీ, 18 అంగుళాల మగ మినియేచర్ రెండూ ఈ రోజుకీ తమ తమ రింగుల్లో నిక్షేపంగా నిలబడుతున్నాయి.

కింది గీత సంగతి వేరు. దాన్ని ముట్టుకోవద్దని ఎందుకు అంటున్నానో చెప్తాను. హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కొడుకు ఫోన్ చేసి, "పిన్నీ, టాయ్ ఆసీ దొరుకుతోంది, పది అంగుళాలకు మించి పెరగదట, కొండాపూర్ ఫ్లాట్‌కి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. ఫొటో పంపాడు. నీలం కళ్లు, అరచేతిలో పట్టేంత పిల్ల. ముద్దుగానే ఉంది, కాదనను. కానీ టాయ్ ఆసీ అనే జాతిని ఏకేసీ గానీ ఆస్కా గానీ గుర్తించలేదు. అంత చిన్నగా చేయాలంటే ఈతలో అన్నిటికన్నా పీలగా పుట్టినవాటిని ఒకదానితో ఒకటి కలపాలి, లేదా మధ్యలో వేరే బుల్లి జాతిని దింపాలి. అంత చిన్న కుక్కల్లో మోకాలి చిప్ప జారుతుంది, పళ్లు ఇరుక్కుపోతాయి, పిల్లగా ఉన్నప్పుడు ఒక పూట తిండి తప్పితే షుగర్ పడిపోతుంది. సోఫా మీంచి దూకితే ముందుకాలు విరగొచ్చు. బుర్రలో మాత్రం గొర్రెల్ని తోలే కుక్కే ఉంటుంది. రోజంతా పని కావాలంటుంది. "నాన్నా, దాని ఒళ్లు ఫ్లాట్‌కి సరిపోతుందేమో గానీ దాని బుర్ర సరిపోదు" అని చెప్పాను. స్టాండర్డ్‌లోని ఆ 13, 14 అంకెలే ఈ వ్యాపారానికి అడ్డుకట్ట. అందుకే టాయ్‌లు అమ్మేవాళ్లకు అవంటే పడదు.

తెలుపు మీద పెట్టిన నిబంధన కూడా నాకు నచ్చుతుంది. మూపు నుంచి తోక దాకా ఒంటి మీద తెల్లటి మచ్చలుంటే అనర్హత. అందం కోసం పెట్టిన షోకు అనుకుంటారు చాలామంది. కానీ ఎక్కువ తెలుపు వెనక మెర్ల్ అనే రంగు జన్యువు ఉండొచ్చు. జొన్న బ్లూ మెర్ల్, బూడిద ఒంటి మీద నల్ల మరకలు. రెండు మెర్ల్ కుక్కల్ని జతకట్టిస్తే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు అవకాశం రెండు వైపుల నుంచీ ఆ జన్యువు రావడానికి. అలా వచ్చినవి దాదాపు తెల్లగా పుడతాయి. చాలావాటికి చెవుడు, కళ్లు చిన్నవై చూపు దెబ్బతినడం ఉంటాయి. అరుదైన తెల్ల ఆసీ అని ఎక్కువ డబ్బు చెప్తే ఆ మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. తోక కోయించడం మాత్రం నాకు ససేమిరా నచ్చదు. సహజంగా పొట్టి తోకతో పుట్టేవి ఉన్నాయి, పొడుగు తోకవి పొడుగ్గానే ఉండనివ్వచ్చు.

స్టాండర్డ్‌లో కనిపించని విషయం ఒకటుంది, మన దగ్గర కుక్కను పెంచేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. జడ్జి కంటికి కనిపించేదే స్టాండర్డ్‌లో ఉంటుంది, జన్యువులు ఉండవు. కాలీలు కొన్ని మందులు పడక ఎందుకు చనిపోతున్నాయో 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కత్రినా మీలీ బృందం కనిపెట్టింది. ఎండీఆర్1 అనే జన్యువులో లోపం. మెదడులోకి మందు చేరకుండా బయటికి తోసేసే పంపు ఆ కుక్కల్లో పనిచేయదు. ఆసీల్లోనూ, ఈ మినియేచర్లలోనూ ఈ లోపం చాలావాటికి ఉంటుంది. ఎంత పొట్టిదైనా, ఏ పేరుతో అమ్మినా దీనికి సంబంధం లేదు. మన ఊళ్లల్లో గజ్జికి, పిడుదులకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మామూలుగా వేసేస్తారు. గుండెపురుగు రాకుండా నెలనెలా ఇచ్చే చిన్న మోతాదు ఈ కుక్కలకు కూడా ఫర్వాలేదు. గజ్జికి ఇచ్చే మోతాదు అలా కాదు. లోపం ఉన్న కుక్క తూలుతుంది, చొల్లు కారుస్తుంది, చూపు పోతుంది, కోమాలోకి వెళ్లి చనిపోవచ్చు. మనుషుల విరేచనాల మాత్ర లోపెరమైడ్ కూడా వీటికి ప్రమాదమే. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే టెస్టు అయిపోతుంది. జొన్నకు తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచే ఆ లోపం వచ్చింది. దాని మెడపట్టీ మీద రాయించాను.

టాయ్ ఆసీ అమ్మే ఆ మనిషిని పిల్ల తల్లిదండ్రుల ఎండీఆర్1 రిపోర్టు అడగమని మా అక్క కొడుక్కి చెప్పాను. వెట్ చూశాడు, ఫుల్ హెల్దీ అని జవాబు వచ్చిందట. అది రిపోర్టు కాదని చెప్పాను. వాడు ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు, కానీ వాడి పాప రోజూ ఆ ఫొటోనే చూస్తోందట. ఒకవేళ తెచ్చుకుంటే, టెస్టు ఫలితం వచ్చేదాకా వెట్ దగ్గర ఫైలు మొదటి పేజీలోనే ఐవర్‌మెక్టిన్ వద్దు అని ఎర్ర ఇంకుతో రాయించమన్నాను.