సీసం దగ్గర బోల్తా

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు ఒక ప్రోగ్రామ్ రాయడం. మూలకం పేరు, ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి ఇస్తే క్రాస్ సెక్షన్, అంటే ఆ ఫోటాన్ పరమాణువుతో తలపడే అవకాశం, ఎంతో అది చెప్పాలి. అమెరికాలో ఎక్స్‌కామ్ అనే ప్రోగ్రామ్ 1987 నుంచీ ఈ పని చేస్తూనే ఉంది. మరి నేనెందుకు రాసినట్టు? మార్కుల కోసం.

మొదట అల్యూమినియం పట్టాను. సీజియం-137 గామా కిరణం, శక్తి 662 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు). ఆ శక్తికి అల్యూమినియంలో జరిగేది దాదాపు అంతా కాంప్టన్ స్కాటరింగే, అంటే ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను గుద్ది పక్కకు చెదరడం. దాన్ని లెక్కకట్టే క్లైన్-నిషినా సూత్రం ప్రకారం ఒక ఎలక్ట్రాన్‌కు 0.256 బార్న్ (క్రాస్ సెక్షన్‌కు కొలత), 13 ఎలక్ట్రాన్లకు 3.33. దాన్ని గ్రాము లెక్కలోకి మారిస్తే 0.0743 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. పట్టికలో చూస్తే సుమారు 0.0746! ఆ రాత్రి హాస్టల్లో అందరికీ టీ నేనే ఇప్పించాను.

తర్వాత సీసం. ఇక్కడ ఫోటోఎలెక్ట్రిక్ (ఫోటాన్ మొత్తం మాయమై ఎలక్ట్రాన్ ఊడిపోవడం) వాటా పెద్దది, ఒక్క సూత్రంతో పనవదు. అందుకని పట్టికలోని విలువలకు లాగ్ తీసుకుని మధ్యవి లెక్కకట్టమన్నాను. రన్ చేయగానే సున్నాతో భాగహారం అని ఎర్రర్. వెతికితే 88.0045 కేఈవీ వరస రెండుసార్లు ఉంది. ఎవరో పొరపాటున రెండుసార్లు ఎక్కించారనుకుని, డూప్లికేట్లు తీసేసే ఒక్క లైను రాసి పారేశాను. ఎర్రర్ పోయింది. నాలుగు రోజులు హాయిగా ఉన్నాను.

గ్రాఫ్ చూసి మా సార్ పెన్ను మూత 90 దగ్గర పెట్టారు. "ఏమ్మా, కే ఎడ్జ్ ఏది? గోడలా నిలబడాల్సింది, కొండ వాలులా పాకుతోందేంటి?"

అప్పుడు వెలిగింది. ఆ రెండు వరసల్లో శక్తి ఒకటే, విలువలు వేరు: ఒకటి 1.910, రెండోది 7.683. సీసంలో కే షెల్ (అన్నిటికన్నా లోపలి పొర) ఎలక్ట్రాన్‌ను ఊడదీసే శక్తి అక్కడే మొదటిసారి దొరుకుతుంది, అందుకే ఆ గెంతు; అదే కే ఎడ్జ్. నేను రెండో వరసను చెరిపేశాను. 90 కేఈవీకి 7.26 రావాల్సింది, నా ప్రోగ్రామ్ 2.30 అంటోంది. అల్యూమినియం కే ఎడ్జ్ 1.56 కేఈవీ దగ్గరెక్కడో ఉంది కాబట్టి 662 దగ్గర నాకు ఏ తేడా కనిపించలేదు.

ఎడ్జ్ దగ్గర పట్టికను రెండు ముక్కలు చేశాను. తీరా చూస్తే సీసానికి బయటి పొరలవి ఎల్ ఎడ్జ్‌లు మూడు, ఎమ్ ఎడ్జ్‌లు అయిదు కూడా ఉన్నాయి! 1 కేఈవీ నుంచి లెక్కపెడితే మొత్తం పది ముక్కలు తేలాయి, ఏ ముక్క లెక్క ఆ ముక్కదే. సరిగ్గా 88.0045 అడిగితే ఏ విలువ చెప్పాలో తేల్చుకోలేక, రెండూ ప్రింటయ్యేలా పెట్టేశాను.