గిరీశం ఎవరితో మాట్లాడుతున్నాడు?

గిరీశం పాత్ర మీద వ్యాసం రాయమంటే చాలామంది మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేస్తారు. "గిరీశం మాటకారి, మోసగాడు, అవకాశవాది" అంటారు. తర్వాత ఆ తీర్పుకి సాక్ష్యంగా పేరుమోసిన డైలాగులు నాలుగు అతికిస్తారు. అది పాత్ర విశ్లేషణ కాదు, పాత్రకి ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్. గురజాడ అప్పారావు నాటకం "కన్యాశుల్కం" చదివే వాడికి గిరీశం మోసగాడని మొదటి రంగంలోనే తెలిసిపోతుంది. తన దగా సంగతి తనే చెప్పుకుంటూ రంగం మీదికి వస్తాడు. కాబట్టి ఆ సంగతి మనం కనిపెట్టి చెప్పేదేమీ లేదు. ఆ మోసం ఎవరి దగ్గర ఏ సరుకుగా చెల్లుబాటవుతోంది, ఎక్కడ చెల్లలేదు అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఏ ప్రతి చదువుతున్నారో చూసుకోండి. ఈ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శన అయింది, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశారు. మొదటి కూర్పులో ఐదు అంకాలుంటే రెండోదానిలో ఏడున్నాయి. ఇప్పుడు మనం చదివేదీ, ఆడేదీ, ఉటంకించేదీ దాదాపుగా రెండోదే. భోగం స్త్రీ మధురవాణి ఇంత పెద్ద పాత్ర అయింది కూడా అందులోనే. పెరిగిన పాత్ర ఏదో చూస్తే రచయిత మనసు ఎటు మళ్లిందో తెలుస్తుంది. మొదటి కూర్పు ముందుమాట మాత్రమే పట్టుకుని ఇతివృత్తం తేల్చేవాళ్లు పొరపాటుపడేది ఇక్కడే. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 కన్యాశుల్క వివాహాలు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, జరిగినట్టు లెక్క తేలిందని గురజాడ అందులో రాశారు. సంఘ సంస్కరణే తన ఉద్దేశమన్నారు. ఆ మాట నిజమే. కానీ ఉద్దేశం వేరు, రెండో కూర్పులో నాటకం నడిచే తీరు వేరు.

పాత్రని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయండి. ఒకదానిలో ఈ సన్నివేశంలో ఇతనికి కావలసిందేమిటో రాయండి. రెండోదానిలో ఎదుట వింటున్నది ఎవరు, మూడోదానిలో ఎలాంటి భాష వాడాడు, నాలుగోదానిలో చివరికి చేతికొచ్చిందేమిటి. మంచి, చెడు, గొప్ప, నీచం అనే మాటలు ఆ కాగితం మీద పడనివ్వకండి. సన్నివేశానికి ఒక వరుస చాలు.

గిరీశానికి ఇలా గీస్తే రెండో గడి, మూడో గడి కలిసి కదులుతాయి. ఫొటో బాకీ వసూలుకి వచ్చిన బంట్రోతు ముందు ఇంగ్లీషు. పరీక్ష తప్పి తండ్రికి భయపడుతున్న శిష్యుడు వెంకటేశం ముందు లోకజ్ఞానం, "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అనే ధీమా. వెంకటేశం ఊరు కృష్ణరాయపురం అగ్రహారం చేరాక అతనితో కలిసి "ట్వింకిల్ ట్వింకిల్" లాంటి ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తాడు. అర్థం తెలియని తల్లికి కొడుకు చదువు మీద నమ్మకం కుదురుతుంది. వెంకటేశం తండ్రి, కోర్టుపక్షి అగ్నిహోత్రావధాన్లు దగ్గర దావా కాగితాల పాండిత్యం చూపిస్తాడు. వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మ దగ్గర శాస్త్రం, స్వర్గలోకం కబుర్లు. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర వినయం, సంస్కరణ. ఒక్క మనిషి, ఆరు భాషలు. ఇంత చూశాక అతని సొంత అభిప్రాయం ఏది అని వెతకడం దండగ. అభిప్రాయాలు అప్పుడప్పుడూ మార్చకపోతే పొలిటీషియన్ కానేరడని అతనే చెప్పుకున్నాడు గదా. వితంతు వివాహం గురించి అతని ఉపన్యాసాన్ని గురజాడ అభిప్రాయంగా ఉటంకించే వ్యాసాలకి మార్కులు ఎలా వేస్తారో మరి.

ఈ రంగాలు ఆడించేటప్పుడు కూడా ఇదే పని చేస్తుంది. గిరీశం వేసే నటుడు చేసే మామూలు తప్పు ఏమిటంటే, "మనవాళ్లు ఒట్టి వెధవాయలోయ్" దగ్గరికి రాగానే వెంకటేశాన్ని వదిలేసి హాలు వైపు తిరుగుతాడు. చప్పట్లు పడతాయి, సన్నివేశం పోతుంది. ఆ మాట వెంకటేశాన్ని తనకి కట్టేసుకోవడానికి వేసిన ముడి. కుర్రాడి ముఖం మీద దాని ఫలితం కనపడాలి. గిరీశానికి ఊరు దాటడానికి దారి వెంకటేశమే.

ఇక బుచ్చమ్మ సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. పేరుకి అది వెంకటేశానికి పాఠం. పక్కన అక్క ఉంటుంది. గిరీశం మాట్లాడేది తమ్ముడితో, తగలవలసింది అక్కకి. పాఠం అనే ముసుగు లేకపోతే ఆ ఇంట్లో పరాయి మగవాడు వితంతువుతో నాలుగు మాటలు మాట్లాడే వీల్లేదు. అంటే ఇంగ్లీషు చదువు ఇక్కడ లోపలికి రావడానికి పనికొచ్చే తలుపు. ఇంకో సంగతి. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. గిరీశం నోట ఆ మాట వచ్చేనాటికి అది ఉత్తర కోస్తా చదువుకున్నవాళ్లలో పరువున్న మాట. పరువున్న మాట కనుకే గిరీశానికి పనికొచ్చింది. సంస్కరణని ఎవరూ నమ్మని కాలంలో ఆ ఎత్తు పారేది కాదు.

అయితే బుచ్చమ్మని ఒట్టి అమాయకురాలిగా కొట్టిపారేస్తే సగమే చదివినట్టు. నాటకంలో ముగ్గురు వితంతువులున్నారు. అగ్నిహోత్రావధాన్లు కూతురు బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి, విజయనగరంలో భోజనాల ఇల్లు నడిపే పూటకూళ్లమ్మ. ఈ ముగ్గురినీ ఒక వరుసలో పెట్టి చూడండి. బుచ్చమ్మకి ఇంకా ఏదీ జరగలేదు. మీనాక్షికి, మధురవాణిని ఉంచుకున్న రామప్ప పంతులుతో గుట్టు వ్యవహారం. పెళ్లి చేసుకుంటాడన్న ఆశ తప్ప ఆమె చేతిలో ఇంకేమీ లేదు. పూటకూళ్లమ్మ తన కాళ్ల మీద నిలబడింది, కానీ ఆమె డబ్బు గిరీశం తిన్నాడు. వితంతువుకి పెళ్లి చెయ్యాలని ఉపన్యసించే మనిషి, ఒక వితంతువు ఇంటి తిండి తిని, సంతకని ఆమె ఇచ్చిన సొమ్ము మధురవాణికి ఖర్చుపెట్టి ఊరు విడిచాడు. మొదటి అంకంలో నవ్వులాటగా దాటిపోయే పూటకూళ్లమ్మ గొడవ చివరి అంకంలో సాక్ష్యమవుతుంది.

ఆ నవ్వులాట సన్నివేశం ఎలా కట్టారో చూడండి. మధురవాణి ఇంట్లో రామప్ప పంతులు ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. అంతలో పూటకూళ్లమ్మ చీపురుతో వస్తుంది. ఈసారి గిరీశమూ మంచం కిందకి. దెబ్బ పడవలసిన వాడికి పడదు, పంతులుకి పడుతుంది. నాటకమంతా ఈ లెక్కనే నడుస్తుంది. తప్పు ఒకడిది, దెబ్బ పక్కవాడిది. హాస్యం కోసం పెట్టిన సన్నివేశమని దాన్ని వదిలేయకండి. ఇతివృత్తం ముందుగా హాస్యంలోనే కనిపించే నాటకం ఇది.

డబ్బు ఎటు పోతోందో గుర్తుపెట్టుకుంటే ఇతివృత్తం ఇంకా తేలికగా దొరుకుతుంది. కంటె సంగతే తీసుకోండి. తన మేనకోడలు, బుచ్చమ్మ చెల్లెలు అయిన సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మకుండా ఆపాలని కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తను గుంటూరు శాస్త్రిగా వెళ్లి ఆ "పిల్ల"ని లుబ్ధావధాన్లుకే అంటగడతాడు. ఆ పెళ్లికి నగ కావాలి. మధురవాణి కంటె రామప్ప పంతులు చేతి మీదుగా ఆ ఇంటికి వెళుతుంది. పెళ్లికూతురు మాయమయ్యాక కంటె తెస్తేగాని గుమ్మం తొక్కనివ్వనని మధురవాణి పంతుల్ని నిలబెడుతుంది. పంతులు లుబ్ధావధాన్ల మీద పడతాడు. లుబ్ధావధాన్లు పేరుకి తగ్గ మనిషి, ఆయన దగ్గర పైసా రాలదు. ఒక్క నగ ముగ్గురి స్వభావాల్నీ బయటపెట్టింది. మధురవాణిని ఉంచుకున్నానని గొప్పలు పోయే పంతులు ఆమె గుమ్మం దగ్గర బాకీదారు అయ్యాడు. ఎవరు ఎవరిని ఉంచుకున్నారో పాఠకుడే చూసుకోవాలి.

ఇలా చదివితే కన్యాశుల్క ఖండన అనే ఒక్క ముక్కతో ఇతివృత్తం ముగియదని తెలుస్తుంది. ఆడపిల్లకి వెల కట్టడం ఈ లోకంలో ఒక్క బేరం మాత్రమే. దొంగసాక్ష్యానికి వెలుంది, ఇంగ్లీషుకి వెలుంది, సంస్కరణ మాటకీ వెలుంది. సుబ్బి పెళ్లి కూడా ఉపన్యాసంతో ఆగలేదు, వేషంతో ఆగింది. ఎవరి కోసం కథ మొదలైందో ఆ సుబ్బికి చెప్పుకోదగ్గ సన్నివేశమే లేదు. బేరంలో ఉన్న పిల్లకి నోరుండదు.

బేరాలు ఆడేవాళ్లందరిలో బేరం మధ్యలో చేయి వెనక్కి తీసుకున్నది మధురవాణి. చివరి అంకంలో మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద హత్య నేరం పడింది. మాయమైన పెళ్లికూతురు ఆడపిల్లే కాదని ఆమెకి తెలుసు. ఆ కబురుకి వెలగా ముద్దు అడుగుతుంది. సౌజన్యారావు నిజాయితీపరుడు, భోగం వాళ్లతో పలకనని నియమం పెట్టుకున్నవాడు. ఆయన్ని ఆదర్శ పురుషుడని ఒక్క మాటలో దాటేయడం సులువు. కానీ నియమం నిలబెట్టుకుంటే నిర్దోషి పోతాడు, నిర్దోషిని కాపాడాలంటే నియమం పోతుంది. గురజాడ ఆయన్ని పెట్టిన ఇరుకు అది. తీరా ఆయన ఒప్పుకున్నాక, చెడనివాళ్లని చెడగొట్టవద్దన్న తల్లి మాట చెప్పి ఆమే తగ్గుతుంది. ఆయన భగవద్గీత ఇస్తాడు. గిరీశం గుట్టు ఆమె నోటనే బయటపడుతుంది. బుచ్చమ్మకి పూనా విడోస్ హోం నిర్ణయమవుతుంది. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నప్పుడు గిరీశం భాష మొదటిసారి ఎవరినీ ఉద్దేశించకుండా ఒంటరిగా మిగులుతుంది. రెండో గడి ఖాళీ.

నాటకం పక్కన 1955 సినిమా పెట్టి చూడాలంటే "నాటకంలా ఉందా లేదా" అని అడగకండి. ఎవరి మీద బరువు పడిందో లెక్క చూడండి. పి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్. రామప్ప పంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు, షావుకారు జానకి బుచ్చమ్మ, గుమ్మడి సౌజన్యారావు. రామారావు ముఖం గిరీశానికి రాగానే ప్రేక్షకుడు ముందే అతని పక్షం చేరిపోతాడు. దాన్ని నటుడి లోపం అనను. తార అన్నవాడు తనతో తెచ్చుకునే సరుకు అది. నాటకంలో గిరీశం ప్రతి శ్రోతనీ కష్టపడి గెలవాలి. సినిమాలో హాల్లో కూర్చున్న శ్రోత టికెట్ కొన్నప్పుడే లొంగిపోయాడు.

రెండో తేడా పూర్ణమ్మ పాట. "పుత్తడిబొమ్మ పూర్ణమ్మ" గురజాడదే అయినా నాటకంలోది కాదు, విడి గేయం. ముసలివాడికి అమ్ముడుపోయి ప్రాణం తీసుకున్న పిల్ల కథ. నాటకంలో ఏ పిల్లా చావదు, వేషం కట్టిన కుర్రవాడు పారిపోతాడు. ఆ పాట చేరగానే కథ కన్నీటి వైపు మొగ్గుతుంది, బేరాల మీది వెటకారం కాస్త వెనక్కి పోతుంది. పాటగా అది బలమైనది, అందుకే ఇంత పని చేయగలిగింది.

పోల్చేటప్పుడు సినిమాని ఒకసారి ఆపకుండా చూసి, రెండోసారి గడియారం పెట్టుకుని ఎవరి సన్నివేశాలు ఎన్ని నిమిషాలు నడిచాయో రాసుకోండి. మీనాక్షి, పూటకూళ్లమ్మల నిమిషాలు ముందు రాయండి. నాటకాన్ని కుదించి ఆడినప్పుడు కూడా కత్తిరింపులో ముందు పోయేది వాళ్ల సన్నివేశాలే. ఆ ఇద్దరూ ఎంత చిన్నవాళ్లయితే బుచ్చమ్మతో గిరీశం నడిపేది అంత ప్రేమకథలా కనబడుతుంది.