ఇదిగో, ఇక్కడి దాకా

సంక్రాంతి వెళ్ళిన రెండో వారం. రాజమండ్రిలో రైలు దిగేసరికి తెల్లవారుజామున అయిదున్నర. మా బావమరిది బండి వేసుకొచ్చి స్టేషన్ బయట టీ తాగుతున్నాడు. నా భుజాన ఉన్న కెమెరా బ్యాగు చూసి, "ఈసారైనా వెనకాల ఏముందో కనపడేలా తియ్యి బావా" అన్నాడు.

వాడి ఎత్తిపొడుపు ఊరికే వచ్చింది కాదు. పోయినేడు వచ్చినప్పుడు 85 ఎం.ఎం. లెన్స్‌తో ముప్ఫై మంది ముఖాలు తీశాను. ముఖాలు బాగానే వచ్చాయి. వెనక కొబ్బరితోటలు, కాలవ గట్లు, పెంకుటిళ్ళు అన్నీ కరిగిపోయి పచ్చటి పెయింటు పూసినట్టయ్యాయి. "దీనికి కోనసీమ దాకా ఎందుకు? మా దొడ్లో గోంగూర మడి ముందు తీసుకోవచ్చుగా" అన్నాడు అప్పుడే. అందుకని ఆ లెన్స్ ఇంట్లో వదిలేసి, 35 ఎం.ఎం. ఒక్కటే తెచ్చుకున్నా. దాంతో ముఖం పెద్దగా కావాలంటే మనిషి దగ్గరికి వెళ్ళాల్సిందే. వెళ్ళినా చుట్టూ ఉన్నవి ఫ్రేములోకి వస్తూనే ఉంటాయి.

ధవళేశ్వరం బ్యారేజీ మీద పొగమంచులో గేట్లు కూడా కనపడలేదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం బండ్లు నడిపే బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం దారి పట్టాక మంచు కాస్త విడిచింది. అక్కడి నుంచి కెమెరా ఎటు తిప్పినా ఫ్రేములో ఏదో ఒక మూల కాలవ నీళ్ళు మెరుస్తాయి.

ఆత్రేయపురంలో పూతరేకులకి రేకులు తీసే ఒకావిడ ఇంటికి తీసుకెళ్ళాడు మావాడు. యాభై దాటి ఉంటుంది. ఇంటి పక్కన తాటాకు పాక, లోపల పొయ్యి మీద బోర్లించిన కుండ, పక్కన ఎండు కొబ్బరాకుల కుప్ప. ఫొటో తీస్తానని అడగ్గానే "ఆయ్, తీసుకోండి బాబూ" అంది. అని లేచి వెళ్ళిపోయింది! చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, పౌడరు రాసుకుని వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. సరే, తీశాను. పొయ్యి లేదు, కుండ లేదు, ఏ ఊళ్ళో అయినా తీయగలిగిన ఫొటో అది.

తర్వాత పని మొదలుపెట్టింది. పల్చటి గుడ్డని నీళ్ళలాంటి బియ్యప్పిండిలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. పిండి అంటుకున్న మరుక్షణమే ఆరి, ఉల్లిపొర కన్నా పల్చటి రేకు అంచు లేస్తుంది. దాన్ని ఊడదీసి పక్కన పరుస్తుంది. మళ్ళీ ముంచడం, మళ్ళీ లాగడం. నేను ముందు షట్టర్ వేగం 1/500 సెకను పెట్టాను. గుడ్డ గాల్లో రాయిలా ఆగిపోయింది, ఆవిడ బొమ్మలకొలువులో బొమ్మలా వచ్చింది. 1/30కి దించి, పాక గుంజకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీస్తే అప్పుడు చేతులు కాస్త చెదిరి, ముఖం మాత్రం స్థిరంగా నిలిచింది. కొబ్బరాకుల మంట కింది నుంచి గడ్డం మీద పడుతోంది, తాటాకుల సందుల్లోంచి వచ్చే ఎండ పొగలో చారలు కట్టింది.

అయినా అసలు ఫొటో అది కాదు. రేకుకీ రేకుకీ మధ్య ఒక్క క్షణం దొరికింది. వేళ్ళ నిండా పిండి ఉంది కాబట్టి, కళ్ళ మీద పడ్డ వెంట్రుకల్ని మణికట్టు వెనకవైపుతో పైకి తోసుకుని, పొగకి ఒక కన్ను మూసి, పొయ్యి వైపు చిరాగ్గా చూసింది. రోజూ ఎన్నిసార్లు అలా చేస్తుందో ఆవిడకే తెలియదు. ఆ వంగిన మణికట్టు ఒక్కటి చాలు, ఆవిడ పని ఏమిటో చెప్పడానికి. నేను ఆశపోతుని కదా, "మళ్ళీ ఒకసారి అలా చెయ్యండి" అన్నాను. చేసింది. సినిమాలో తలనొప్పి వచ్చిన హీరోయిన్‌లా వచ్చింది. ఆ తప్పు మళ్ళీ చెయ్యకూడదనుకున్నా.

అప్పుడే ఒక ఉపాయం తట్టింది. "చెయ్యి అలా పెట్టండి" అని చెప్పకుండా, చేత్తో తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న అడగాలి. "పిండి ఎంత పల్చగా ఉండాలండీ?" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా వేళ్ళు ముంచి పైకెత్తి, కారే చుక్కల్ని నాకు చూపించింది. క్లిక్.

మధ్యాహ్నం అంబాజీపేట. కొబ్బరి ఒలుపు జరిగేచోట మగవాళ్ళు నేలలో పాతిన ఇనుప గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి, పీచు విడదీస్తున్నారు. మూడు ఊపుల్లో కాయ వచ్చేస్తుంది. ఇక్కడ హావభావాలకి కొరత లేదు, వెనకాల ఉన్న చెత్తే ఎక్కువైంది: పార్క్ చేసిన మోటార్ సైకిళ్ళు, ఫ్లెక్సీ బ్యానరు, నీలం టార్పాలిన్. పరిసరాలు కావాలంటే ఉన్నదంతా కావాలని కాదు కదా. మోకాళ్ళ మీద కూర్చుని కిందినుంచి తీస్తే ఒలిచిన కాయల రాశి అడ్డం వచ్చి బండ్లన్నిటినీ మింగేసింది. ఒకతన్ని మాత్రం ఫ్రేము అంచుకి తోసేశాను. పైగా మరీ దగ్గరికెళ్ళాను, పాపం అతని భుజం అరటిబోదెలా సాగిపోయింది. వెడల్పు లెన్స్‌తో మనిషిని అంచున పెడితే అంతే.

సాయంత్రం పి.గన్నవరం దగ్గర, గోదావరి నడుమ ఉన్న ఒక లంక గ్రామంలో మావాడి స్నేహితుడి ఇంట్లో ఆగాం. లంకల్లో ఇళ్ళు చూస్తే మెట్లెక్కి ఎక్కి అలిసిపోతాం, పునాదులు అంత ఎత్తున కడతారు. ఆ ఇంటి పెద్దాయన, డెబ్భై పైనే, అరటితోటలోంచి వస్తూ కనిపించారు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది, చేతిలో కత్తి. ఫొటో అనగానే ఆయన కూడా కత్తి దాచి అటెన్షన్‌లో నిలబడ్డారు. ఈసారి నేను కెమెరా దించి, "మామయ్యగారూ, ఎనభై ఆరు వరదకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయండీ?" అన్నాను.

1986 ఆగస్టు వరద సంగతి గోదావరి జిల్లాల్లో వయసు మళ్ళిన ఎవరినడిగినా చెబుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి వెళ్ళిన ఏడు అది. పెద్దాయన చుట్టూ చూశారు, ఇంటి గోడ వైపు రెండడుగులు వేశారు, అరుగు కింద నేల మీద నిలబడి కుడిచెయ్యి తిన్నగా పైకెత్తారు. అరచెయ్యి బల్లలా పరిచారు. చాలలేదు. మునివేళ్ళ మీద లేచారు. "ఇదిగో, ఇక్కడి దాకా. గేదెల్ని విప్పేసి మేం ఆ పైకప్పు మీద కూర్చున్నాం రెండు రాత్రులు" అన్నారు. కళ్ళు మాత్రం నా వైపు లేవు, ఆ చేతి అంచునే చూస్తున్నాయి.

ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో సంగీతకర్త స్ట్రావిన్‌స్కీని తీసిన ఫొటో ఒకటి ఉంది. ఫ్రేములో సింహభాగం ఎత్తిన పియానో మూత. సంగీతకారుడు కింద ఒక మూలన, తల చేతికి ఆనించి కూర్చుంటాడు. అంత పెద్ద మూతకి అంత చోటెందుకిచ్చాడా అని చాలాసార్లు అనుకున్నా. ఆ రోజు అర్థమయింది. పెద్దాయన్ని ఫ్రేములో బాగా కిందికి దించి, పైన ఖాళీ గోడ, అరటాకులు, ఇంకా పైన పెంకులు ఉంచాను. ఆయన చేతికీ ఆయన తలకీ మధ్య ఉన్న ఖాళీ అంతా నీళ్ళే కదా. అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, చిన్నది చేసి ఎఫ్ 8 పెట్టాను, పెంకుల వరసలు కూడా స్పష్టంగా కావాలి. ఆ ఇంటి మీద కూర్చున్నారు మరి.

మర్నాడు రాజోలు మీదుగా సఖినేటిపల్లి వెళ్ళి, పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం చేరాం. పంటు మీద తాడు విసిరే కుర్రాణ్ణి తీద్దామనుకుంటే ఫోకస్ వెళ్ళి అతని ముందున్న కోళ్ళ గంప మీద పడింది. కోళ్ళు చాలా బాగా వచ్చాయి. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళు ముగ్గురు గుమ్మంలో కబుర్లు చెప్పుకుంటున్నారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, ఇప్పుడు వాళ్ళ చేతులకి చూపు అక్కర్లేదు. ఎడమచేతి వేలికి దారం చుట్టుకుని, తల పక్కకి తిప్పి నవ్వుతూ అల్లేస్తుంటారు. నవ్వు ఒకవైపు, పని ఒకవైపు. రెండు నిమిషాల్లో దొరికింది.

హైదరాబాద్ వచ్చాక అందరికీ ప్రింట్లు వేయించి పంపాను. రేకుల ఆవిడకి రెండూ పంపాను, కుర్చీలోదీ, మణికట్టుదీ. వారం తర్వాత మావాడు వీడియో కాల్ చేసి ఆవిడ ఇంటి గోడ చూపించాడు. ఫ్రేము కట్టించి, ప్లాస్టిక్ పూలదండ కూడా పక్కన తగిలించి పెట్టుకున్నది కుర్చీ ఫొటో.

"రెండోది ఏదండీ?" అన్నాను.

"అది బీరువాలో ఉంది బాబూ. అందులో జుట్టు రేగిపోయింది కదండీ" అని, ఫోన్‌లో నాకు కనపడుతోందన్న సంగతి మర్చిపోయి, మణికట్టుతో జుట్టు పైకి తోసుకుంది.