జానెడు దూరంలో మైకు

మైకు చేతికిస్తే పిల్లలు మనసులో ఉన్నదంతా చెప్పేస్తారని చాలామంది అనుకుంటారు. చెప్పరు. ముందు వచ్చేది పరీక్ష వ్యాసమే. జగిత్యాల దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి వాళ్లతో పాడ్‌కాస్ట్ వర్క్‌షాపు మొదలుపెట్టినప్పుడు నా చేతికి వచ్చిన కాగితాలన్నింటిలో అమ్మ ప్రేమమూర్తి, నాన్న మార్గదర్శి. ఎవరి అమ్మో, ఎవరి నాన్నో మాత్రం తెలియదు.

అందుకని అంశాలు ఇవ్వడం మానేశాను. బయటివాళ్లకు దేనికీ కొరగానిది, మీ ఇంట్లో మాత్రం ఎవరూ పారేయనివ్వనిది ఒక వస్తువు చెప్పండి అన్నాను. అప్పుడు వచ్చాయి: నాయనమ్మ బీడీలు చుట్టే చేట, వెలగని టార్చిలైటు, చనిపోయిన మేక మెడలోని గంట.

రాసింది బయటికి చదివించి, ఊపిరి అందని చోటల్లా వాక్యాన్ని విరగ్గొట్టమన్నాను. వ్యాకరణం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అయినా ‘కావున’లు, ‘మరియు’లు వాటంతటవే రాలిపోయాయి.

రికార్డింగుకు ఆటసామాన్ల గది దొరికింది. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాం. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడల్లా గాలి వచ్చి టపటపా కొడుతుంది. చదవబోయే ముందు కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడును మాత్రమే రికార్డు చేయించాను. ఆ నమూనా చూపిస్తే, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అలాంటి హోరును పిల్లలు చదివినదాంట్లోంచి చాలావరకు తీసేస్తుంది. పిల్లలు దాన్ని నాకంటే త్వరగా పట్టేశారు, దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

అసలు పని అనుమతులతోనే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆ సంతకం ఒక్కటీ చాలదని నా అభిప్రాయం. ఎడిటింగ్ అయ్యాక విని, తనకోసమే దాచుకోవాలా, తరగతికి వినిపించాలా, అందరికీ వదలాలా అన్నది రాసినవాళ్లే తేల్చాలి. పేర్లు, ఊరిపేరు ఎలాగూ ఉండవు. ఎన్ని ఎపిసోడ్లు బయటికి వచ్చాయని అడిగే పెద్దలకు ఈ పద్ధతి నచ్చదు. నచ్చకపోతే పోనీ.

ఒక అమ్మాయి పాత ఫోను గురించి రాసింది. గల్ఫ్‌లో ఉన్న నాన్న పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయట. తను చదివి రికార్డు చేసినదాని మధ్యలో ఒక మెసేజ్ పెట్టింది: “తిన్నావా బిడ్డా?” అని, తర్వాత పెద్ద దగ్గు. అప్పులవాళ్ల ప్రస్తావన వద్దని వాళ్లమ్మ అంటే, ఆ నాలుగు వాక్యాలు తనే కోసేసింది. గొంతు నాన్నది కాబట్టి ఆయననూ అడగాల్సిందే అన్నాను. రికార్డింగు ఆయనకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది: “అంతా బాగుంది, ఆ దగ్గు ఒక్కటి తీసేయమని సార్‌కు చెప్పు. మీ నానమ్మ వింటే బెంగపెట్టుకుంటుంది.”

నా నియమం ప్రకారం తీసేయాలి. అమ్మాయి మొహం గంటు పెట్టుకుని, శుక్రవారం సెలవు రోజు చూసి ఆయనకు ఫోన్ చేసి వాదించింది. చివరికి బేరం కుదిరింది: తరగతికి వినిపించే దానిలో దగ్గు ఉంటుంది, నానమ్మకు వినిపించే దానిలో ఉండదు.