ఎవరి డబ్బుతో బోణీ?

పోయిన సోమవారం మా మేనేజరు నన్ను తన గదికి పిలిచి నా ముందు ఒక కాగితం పెట్టింది. అందులో ఇరవై రెండు వరుసలున్నాయి. ప్రతి వరుసలోనూ ఒక తేదీ, ఉదయం 8:40కీ 8:50కీ మధ్య ఒక సమయం, ఒకే ప్రకటన, ఒకే కంప్యూటరు చిరునామా. ఆ కంప్యూటరు నాదే. ఒకే చోటు నుంచి పదే పదే పడే దొంగ క్లిక్కులను పట్టుకునే ప్రోగ్రాము రాసింది కూడా నేనే కనుక, బుకాయించడానికి ఏమీ మిగల్లేదు.

డాలస్‌లో ఉంటున్న నా పాత రూమ్మేటు, తిథి వార నక్షత్రాలు చూపించే చిన్న వెబ్‌సైటు ఒకటి నడుపుతున్నాడు. అందులో వచ్చేవి మా కంపెనీ సరఫరా చేసే ప్రకటనలే. ఎవరైనా ఒకటి నొక్కితే ప్రకటన ఇచ్చినవాడు డబ్బు కడతాడు, అందులో కొంత మావాడికి చేరుతుంది. ఆఫీసులో కూర్చోగానే ఆనాటి తిథి చూసుకోవడం, పనిలో పనిగా పక్కనే మెరుస్తున్న ఇండియాకు ఫోన్ చేసుకునే కార్డుల ప్రకటనను ఒకసారి నొక్కడం నాకు అలవాటైపోయింది. వాడికి బోణీ చేస్తున్నాననే అనుకున్నాను. ఆమెకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, స్నేహితుడికి చిన్న సాయం అన్నాను. "కార్డు కొన్నావా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఆ సాయం చేసింది నువ్వు కాదు, కార్డులు అమ్ముకునేవాడు" అంది. గొంతు పెంచలేదు, పైవాళ్లకు చెప్పలేదు. క్లిక్కుకు 35 సెంట్ల చొప్పున 7 డాలర్ల 70 సెంట్లు ఆ కార్డుల వ్యాపారి ఖాతాలో తిరిగి వేయించి, ఇంకో పనిలో పడింది.

నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది సిగ్గు కాదు, ఉక్రోషం. ఏడు డాలర్లకు ఇంత పంచాయతీయా అనిపించింది. పైగా ఈ వ్యాపారం ఎలాంటి రోజులు చూసి వచ్చిందో నాకు తెలియదా? నేను అమెరికాలో దిగింది 2000 ఫిబ్రవరిలో. మార్చి 10న, టెక్ కంపెనీల షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 5,048 దాటి, అక్కడి నుంచి జారడం మొదలుపెట్టి 2002 అక్టోబరుకల్లా 1,114కి చేరింది. నన్ను తెచ్చుకున్న మొదటి కంపెనీది కూడా ఇంటర్నెట్ ప్రకటనల వ్యాపారమే. వెయ్యిసార్లు చూపినందుకు ఇంత అని బిల్లు వేసేవాళ్లమే తప్ప, చూసినవాడు కొన్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టేది కాదు. ఒక డాట్‌కామ్, అంటే ఇంటర్నెట్ కంపెనీ, తన పెట్టుబడిదారుల డబ్బుతో ఇంకో డాట్‌కామ్‌లో ప్రకటన వేసేది. ఆ డబ్బును ఆదాయంగా చూపించి రెండోది కొత్త పెట్టుబడి తెచ్చుకునేది. పేరంటంలో పెట్టిన జాకెట్టు ముక్క నాలుగిళ్లు తిరిగి మనింటికే వచ్చినట్టుండేది ఆ సంపద. 2001లో కంపెనీకి తాళం పడింది. పని దొరక్క బెంచీ మీద, గెస్ట్‌హౌసులో ఆరుగురి మధ్య గడిపిన నెలల గురించి రాయబుద్ధి కావడం లేదు.

మళ్లీ ఇప్పుడు, 2005లో, ఈ రంగంలోనే ఉద్యోగం దొరికిందంటే కారణం లెక్క మారడమే. అమెరికాలో ఇంటర్నెట్ ప్రకటనల ఆదాయం 2000లో సుమారు 810 కోట్ల డాలర్లు. 2002లో 600 కోట్లకు పడిపోయి, నిరుడు 960 కోట్లు దాటింది. చూపినందుకు కాదు, నొక్కితేనే డబ్బు అన్న పద్ధతిని 1998లో బిల్ గ్రాస్ అనే వ్యాపారవేత్త గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైటులో మొదలుపెట్టగా, 2002లో గూగుల్ దాన్ని అందుకుని, ఎక్కువమంది నొక్కే ప్రకటనను పైకి తేవడం కూడా జోడించింది. 2003లో, గూగుల్ ప్రకటనలను ఇతరుల సైట్లలో చూపించే యాడ్‌సెన్స్ వచ్చాక, మావాడి పంచాంగం లాంటి చిన్న సైట్లకు సైతం నాలుగు డాలర్లు రాలడం మొదలైంది. నిరుడు ఆగస్టులో 85 డాలర్లకు గూగుల్ వాటాలు కొన్నవాళ్ల ధీమా అంతా, నొక్కేవాడు నిజంగా కొనే ఉద్దేశంతోనే నొక్కుతున్నాడన్న నమ్మకం మీదే నిలిచి ఉంది. నా ఇరవై రెండు క్లిక్కులు పాత జాకెట్టు ముక్కల బాపతే.

తెనాలిలో మా నాన్నగారి కిరాణా కొట్టు పక్కన గాజులకొట్టాయన ఉండేవాడు. పొద్దున్నే మా కొట్టుకు బేరం తగలకపోతే, అవసరం లేకపోయినా వచ్చి ఒక అగ్గిపెట్టె కొనేవాడు. నాన్నగారు ఆ అర్ధరూపాయి బిళ్లను కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవారు. ఆ బిళ్ల గాజులకొట్టాయన జేబులోంచి వచ్చేదన్న సంగతి ఇన్నేళ్లలో నాకెన్నడూ తట్టలేదు. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. గడప తొక్కిన ప్రతివాడికీ కొట్టువాడే డబ్బు కట్టుకోవాలన్న ఈ ఏర్పాటు మా వీధిలో ఉంటే, నాన్నగారు వారం తిరక్కుండా తలుపులు మూసేవారు. బేరమాడి, పప్పు నోట్లో వేసుకుని చూసి, రేపొస్తామని వెళ్లిపోయేవాళ్లే సగం మంది.

ఆ సాయంత్రం ప్రకటన జోలికి పోకుండా, ఆ కార్డుల కంపెనీ చిరునామాను చేత్తో కొట్టి అయిదు డాలర్ల కార్డు కొన్నాను. ఇక్కడ ఆరున్నర, అక్కడ ఉదయం ఏడు. నాన్నగారే ఎత్తారు. "బోణీ అయిందా నాన్నా?" అన్నాను.

"ఇప్పుడే షట్టరు ఎత్తానురా. ఎవరో వస్తున్నట్టున్నారు, పెట్టెయ్" అన్నారు.