నీళ్లు తీయగా ఉన్నంత మాత్రాన

1854 ఆగస్టు ఆఖర్లో లండన్‌లోని సోహో పేటలో కలరా పుట్టి, పది రోజులు తిరిగేసరికి ఐదు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. చెడుగాలి వల్లే రోగం వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మిన కాలమది. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం ఇంటింటికీ తిరిగి, మీవాళ్లు ఏ నీళ్లు తాగారని అడిగాడు. చాలా ఇళ్లవాళ్లు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు పేరే చెప్పారు.

నన్ను వదలని సంగతి ఒకటుంది. ఆ నీళ్లు రుచిగా ఉండేవట! అంతకుముందు ఆ పేటలో ఉండి హాంప్‌స్టెడ్‌కు మారిపోయిన ఒక పెద్దావిడ, ఆ రుచి మీద ఇష్టంతో రోజూ అక్కణ్ణుంచే నీళ్లు తెప్పించుకునేది. ఆమె ఉన్నచోట కలరా లేనే లేదు, అయినా కలరాతోనే పోయింది.

తిరుపతిలో కళ్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు కుళాయిల్లో వస్తున్నా, మా వీధి చివర బోరింగు దగ్గర పొద్దున్నే బిందెలు వరస కడతాయి. అడిగితే, "ఈ నీళ్లు తీయగా ఉంటాయమ్మా" అంటారు. దాని చుట్టూ ఉన్న సిమెంటు గచ్చు పగిలిపోయింది, పక్కనే మురుగుకాలువ, బట్టలుతికిన సబ్బునీళ్లు నేరుగా ఆ పగుల్లోకే దిగిపోతుంటాయి. అది చూస్తే నాకు టెన్షన్.

సోహోలోనూ జరిగింది ఇదే. పంపు హ్యాండిల్ సెప్టెంబర్ 8న తీసేశారు. తర్వాత హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి పూజారి ఆరా తీస్తే అసలు కారణం దొరికింది: జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లను ఆ తల్లి ఇంటి ముందున్న మురుగుగుంతలో పోసింది, దాని ఇటుకలు పాడైపోయి మురికి ఆ పంపు కింది బావిలోకి ఊరింది. హ్యాండిల్ తీసిన రోజే ఆ బిడ్డ తండ్రికీ కలరా తగిలింది. ఇంకొన్నాళ్లు పంపు నడిచుంటే ఎంతమంది పోయేవాళ్లో!

మా వార్డులో నేనడిగేది రెండే. ఆ గచ్చు కొత్తగా వేయాలి, నీళ్లు పరీక్ష చేయాలి. చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడే కిట్లు ఉన్నాయి, ఖర్చు పెద్దగా కాదు. అంతవరకు దయచేసి ఆ నీళ్లు కాచకుండా పిల్లలకు పట్టొద్దు.