మణికరణ్‌లో అన్నం మూట

భుంతర్‌లో హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని మణికరణ్‌కి బస్సు మారిన దగ్గర్నుంచి అమ్మ కిటికీ వదల్లేదు. పక్కనే పార్వతి నది, మంచు కరిగి వచ్చిన నీళ్లు, చూస్తుంటేనే వణుకు పుట్టేలా బండల మీద నుంచి నురగలు కక్కుతూ దూకుతోంది. కసోల్ దాటి మరో నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో ఎదుటి ఒడ్డున గురుద్వారా, దాని కింద నుంచి తెల్లటి ఆవిరి గుప్పుగుప్పున. "ఏమే, అక్కడేమన్నా అంటుకుందా?" అంది అమ్మ కంగారుగా.

వంతెన దాటి చూస్తే రాతి సందుల్లోంచి కుతకుతమని ఉడుకుతున్న నీళ్లు. నదికీ గుండానికీ మధ్య దూరం నాలుగడుగులే. దుకాణంలో చిన్న గుడ్డసంచీలో బియ్యం కట్టి, పొడుగాటి దారం వేసి అమ్ముతారు. అమ్మ ఒకటి కొని నీళ్లలోకి దింపి, దారం కొస వేలికి చుట్టుకుని కూర్చుంది. గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, లంగరు, దాని వంట కూడా ఈ నీళ్ల వేడితోనే, పెద్ద పెద్ద గిన్నెలు అందులోనే పెట్టేస్తారు.

ఇరవై నిమిషాలకు మూట తీసి మెతుకు నలిపి చూసింది. ఇంకా పలుకే. "ఇంత మరుగుతున్నాయి కదే, ఉడకదేం?" ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే దాన్ని, ఈ ప్రశ్న మాత్రం నాకు పండగ. మణికరణ్ సముద్రమట్టానికి సుమారు 1,760 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్లేకొద్దీ, దాదాపు ప్రతి 300 మీటర్లకు 1 డిగ్రీ చొప్పున, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కాబట్టి ఇక్కడ 94 డిగ్రీలకే మరుగు వచ్చేస్తుంది, ఎంత కుతకుతలాడినా అంతకన్నా వేడెక్కదు. అమ్మ "సరేలే" అని మూట మళ్లీ దింపింది.

ఆ తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "మరి పొయ్యి ఎక్కడుందే?"

అక్కడివాళ్లు చెప్పే కథ అందరికీ తెలిసిందే: పార్వతీదేవి చెవి మణి నీళ్లలో జారిపోతే శేషనాగు బుస కొట్టాడు, ఆ బుసకే నీళ్లు ఉడికాయి, మణులు పైకి వచ్చాయి. 1905 కాంగ్రా భూకంపం దాకా మణులు వస్తూనే ఉండేవని కూడా అంటారు. ఆ మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పెద్ద భూకంపం వస్తే నేల లోపలి పగుళ్లు కదిలి ఊటల దారులు మారడం నిజంగానే జరిగే పని.

ఇక్కడ అగ్నిపర్వతం లేదు. కిందకు వెళ్లేకొద్దీ భూమి వేడెక్కుతుంది, మామూలు చోట్ల కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు. హిమాలయాల్లో రాళ్లు ఒకదాని మీదకొకటి ఎక్కి నలిగి పగిలిపోయాయి, పైగా గ్రానైట్‌లోని యురేనియం, థోరియం నెమ్మదిగా క్షీణిస్తూ తమ వంతు వేడి ఇస్తాయి. కొండల మీద పడిన వాన, కరిగిన మంచు ఆ పగుళ్లలో లోతుకి దిగి, కాగి, ఇక్కడి గట్టి క్వార్ట్‌జైట్ రాతి చీలికల్లోంచి చల్లారే లోపే పైకి వచ్చేస్తాయి. నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) చూసి ఇది వాన, మంచు నీరేనని తేల్చారు. "అంటే ఆ నదీ ఇదీ ఒకటే నీళ్లా?" అని అమ్మ రెండు వైపులా చూసింది.

నేనైతే ఒక పైపు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. నీళ్లు కారే మూతి చుట్టూ మీగడ రంగు పెచ్చు, వేలెడు మందం, అంచుల్లో పొరలు లెక్కపెట్టేంత స్పష్టంగా. గోటితో గీకితే పొడి రాలింది. కిందున్నప్పుడు ఒత్తిడికి కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి ఉంటుంది, ఆ గ్యాసు వల్లే కాల్షియం కూడా కరిగి ఉంటుంది. పైకి రాగానే గోలీసోడా కొట్టినట్టు గ్యాసు పోతుంది, కాల్షియం కార్బొనేట్ గట్టిపడి అంటుకుంటుంది. మా ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లపొర కూడా ఈ పదార్థమే. సోడియం, క్లోరైడ్, సిలికా కూడా ఉన్నాయి. సిలికా సంగతి ఇంకా బాగుంటుంది: నీళ్లు ఎంత వేడిగా ఉంటే రాతి నుంచి అంత ఎక్కువ కరిగించుకుంటాయి, కాబట్టి పైకి వచ్చిన నీళ్లలో సిలికా కొలిచి, కింద ఎంత వేడి చూసి వచ్చాయో అంచనా కడతారు. ముట్టుకోలేని లోతుకి థర్మామీటర్ అదే.

అన్నం ఉడికింది. నది గట్టున కూర్చుని ఉప్పు కూడా లేకుండా తిన్నాం, నాకు అమృతంలా ఉంది. తింటూ తింటూ అమ్మ అంది, "మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఇసుక చేత్తో తోడితే వేడినీళ్లు ఊరేవి, చిన్నప్పుడు కాళ్లు పెట్టుకునేవాళ్లం." గోదావరి లోయ కూడా పాత పగుళ్ల మధ్య కుంగిన నేలే, అక్కడా అగ్నిపర్వతం లేదు. ఖమ్మంలో పుట్టి పెరిగి, రసాయనశాస్త్రం చదివి, ఇంత దూరం వచ్చాను గానీ అక్కడికి ఒక్కసారీ వెళ్లలేదు. సంక్రాంతి సెలవులకు గుండాల పోదామని ఆ గట్టు మీదే అనుకున్నాం.